పెరడు లేని వాడలో పొదిగే పెట్ట

మొన్న సెలవులకి ఊరికొచ్చిన మా అక్క కొడుకు ఫోనులో ఒక కోడిని చూపించాడు. ఒళ్లంతా తెల్లటి బూరు, తల మీద దూది ముద్ద పెట్టినట్టు జుట్టు, కాళ్లకి కూడా ఈకలే. బూరు పక్కకి తీస్తే చర్మం మాత్రం నేరేడుపండు రంగు. "దీన్ని సిల్కీ అంటారు మామా. బెంగళూరులో జతలెక్కన అమ్ముతాండారు. మనం తెచ్చి పెంచితే బాగా దుడ్లొస్తాయంట" అన్నాడు. పక్కన చేటలో రాగులు చెరుగుతున్న మా అమ్మ ఫోను దగ్గరికి లాక్కుని చూసింది. కుందేలా కోడా అని నవ్వింది. తర్వాత ఒకే మాట అడిగింది.

"ఇది పొదుగుతాదా?"

వాడికి తెలీదు. ధర తెలుసు, రంగులు తెలుసు, ఇది మాత్రం తెలీదు. ఆ రాత్రి నేను కూర్చుని చదివితే తెలిసిందేమంటే, ప్రపంచంలో కోళ్లు పెంచేవాళ్ల మధ్య సిల్కీకి పేరు వచ్చిందే పొదిగే గుణం వల్ల. అమ్మ ఆ కోడిని ఎన్నడూ చూడలేదు, అయినా అడగాల్సింది అడిగింది. మన వాడల్లో కోళ్లు పెంచే ఆడవాళ్లెవరైనా అదే అడుగుతారు. ఎందుకడుగుతారో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సిల్కీ సంగతి ముందు చెప్పేస్తాను. ఇది చైనా వైపు కోడి. పిల్లి బొచ్చు లాంటి బొచ్చున్న నల్ల కోళ్ల గురించి మార్కో పోలో 13వ శతాబ్దంలోనే చెప్పాడు. మామూలు ఈకలో పోగుల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే సన్నటి కొక్కేలు ఉంటాయి. సిల్కీ ఈకకి ఆ కొక్కేలు సరిగా ఏర్పడవు. అందుకే ఈక విచ్చిపోయి బూరులాగా కనిపిస్తుంది. కాలికి నాలుగు వేళ్లు కాదు, ఐదు. చర్మం, ఎముకలు కూడా నలుపే. మధ్యప్రదేశ్‌లో ఝాబువా వైపు భిల్లు ఆదివాసులు తరతరాలుగా పెంచుకొస్తున్న కడక్‌నాథ్ కోడిలో నలుపుకి కారణమైన జన్యు మార్పే సిల్కీలోనూ ఉంది. కడక్‌నాథ్ మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్కీ గుడ్లు ఏడాదికి వందకి అటూ ఇటూ, పెట్ట బరువు కిలోకి కాస్త ఎక్కువ. అంటే గుడ్లకీ మాంసానికీ ఇదేమంత గొప్ప కోడి కాదు. కానీ దాని కింద ఏ గుడ్డు పెట్టినా కూర్చుంటుంది. బాతు గుడ్లు, నెమలి జాతి పక్షుల గుడ్లు పెట్టి పొదిగించుకునేవాళ్లు దీన్ని ఇంట్లో ఉంచుకుంటారు. ఇంకో మాటలో చెప్పాలంటే, వాళ్లకది ప్రాణమున్న ఇంక్యుబేటరు.

ఆ ఇంక్యుబేటరు మన గంప కింద ఎప్పటి నుంచో ఉంది. దానికి మనం పెట్టుకున్న పేరు నాటుకోడి.

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో కోడి అంటే రాగి సంగటిలోకి పులుసు అని బయటివాళ్లకి తెలుసు. హోటళ్ల బోర్డుల మీద కూడా అదే రాస్తారు. కోడి ఎవరిదో ఏ బోర్డూ చెప్పదు. దళితవాడలో ఆవు ఉంటే అది ఇంటి యజమానిది. మేకలు ఇద్దరివీ. కోళ్లు మాత్రం ఆమెవి. ఎండాకాలం కూలి దొరకని నెలలో, పిల్లోడికి జ్వరం వచ్చిన రాత్రి, డ్వాక్రా కంతు కట్టాల్సిన నాడు గంప ఎత్తితే దొరికే డబ్బు అది. మగవాడు లెక్క అడగని డబ్బు కూడా అదే. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చినా, పల్లెల్లో గంగమ్మలకి పొంగళ్లు పెట్టినా పుంజుకి గిరాకీ ఉంటుందని ఆమెకి ముందే తెలుసు. అందుకే సంక్రాంతి నాటి నుంచే ఏ పిల్లని ఉంచాలో, దేన్ని అమ్మాలో లెక్క వేసుకుంటుంది. సెంటు భూమి లేని మనిషి సొంతంగా పెంచగలిగిన ఆస్తి ఇది. దీని విత్తనం ఆమె చేతిలోనే ఉండటమా, ఎవరో ఇస్తే తెచ్చుకోవడమా అన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ పొదుగుడు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పెట్ట వరసగా పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టాక దాని ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. అప్పుడది గుడ్లు పెట్టడం ఆపేసి, పొట్ట కింద ఈకలు రాల్చుకుని, గూట్లో కదలకుండా కూర్చుంటుంది. చెయ్యి పెడితే కరకరమని పొడుస్తుంది. పొదిగినన్నాళ్లూ, పిల్లల్ని తిప్పినన్నాళ్లూ గుడ్లుండవు. గుడ్ల వ్యాపారం చేసేవాడికి ఇది నష్టం. అందుకే తెల్ల లెగ్‌హార్న్ లాంటి ఫారం కోళ్లలో పొదుగుడు గుణాన్ని తరాల తరబడి ఏరిపారేశారు. ఆ కోడి ఏడాదికి 300 గుడ్లు పెట్టగలదు, ఒక్క పిల్లని కూడా తీయలేదు. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లే పెడుతుంది. కానీ దానికి హేచరీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, పిల్లలకి బల్బు అక్కర్లేదు. పిల్లల్ని రెక్కల కింద వెచ్చగా పెట్టుకునేది అదే. గద్ద నీడ పడితే అరిచి దాచేదీ అదే, ఏది తినాలో గీరి చూపించేదీ అదే.

మధ్యలో ఇంకో రకం వచ్చింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పల్లెల కోసం వనరాజా, గ్రామప్రియ అనే కోళ్లని తయారుచేసింది. మన వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి రాజశ్రీ వచ్చింది. ఇవి చూడ్డానికి రంగు రంగులుగా నాటుకోడిలాగే ఉంటాయి. గుడ్లు నాటుకోడికి రెండింతలు, గ్రామప్రియ అయితే ఇంకా ఎక్కువే పెడుతుంది. బరువు తొందరగా వస్తుంది. వీటిని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. పిల్లలకి రోజూ గుడ్డు పెట్టాలనుకునే తల్లికి ఇవి మంచి కోళ్లే. అయితే పథకంలో ఇచ్చేటప్పుడు గట్టిగా చెప్పని మాట ఒకటుంది. ఇవి పొదగవు. రెండు మూడు రకాల్ని కలిపి తీసిన సంకరాలు కాబట్టి, వాటి గుడ్లని నాటుపెట్ట కింద పెట్టి పిల్లల్ని తీయించినా తల్లి గుణాలు పూర్తిగా రావు. రెండేళ్లకి ఆ మంద ముసలిదైపోతుంది. మళ్లీ పిల్లలు కావాలంటే మళ్లీ అర్జీ, మళ్లీ లిస్టు. ఆ లిస్టులో మన పేరు ఉంటుందో లేదో ఎవరి చేతిలో ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మా వాడలోనే ఒకసారి ఇలా ఇచ్చిన కోళ్లు వచ్చాయి. బాగా గుడ్లు పెట్టాయి. వాటి మోజులో ఒకరిద్దరు ఉన్న నాటు పెట్టల్ని అమ్మేసుకున్నారు. తర్వాత పొదిగే పెట్ట కోసం పక్క వాడకి పోయి అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది. అందుకని ఇచ్చిన కోడిని తీసుకోండి, పెంచండి. కానీ ఇంట్లో కనీసం రెండు పొదిగే నాటు పెట్టల్ని మాత్రం ఎంత ధర పలికినా అమ్మకండి.

పొదగేసే పద్ధతి మన పెద్దవాళ్లకి తెలిసిందే అయినా, సరిగ్గా ఏం చేస్తే పిల్లలు ఎక్కువ లేస్తాయో కొన్ని సంగతులు రాస్తాను. పది పెట్టలకి ఒక పుంజు చాలు. ఆ పుంజు ఇంట్లోదే అయితే, దాని కూతుళ్లతోనే అది కలుస్తూ పోతే, రెండు మూడు తరాల్లో గుడ్లు లేవవు, లేచిన పిల్లలు పీలగా ఉంటాయి. ఏడాదికోసారి వేరే ఊరి పుంజుని మార్చుకోవాలి. డబ్బు పెట్టి కొనక్కర్లేదు, చుట్టాల ఊర్లో పుంజుకి పుంజు మార్చుకుంటే సరి.

గుడ్డు ఎంత కొత్తదైతే అంత మంచిది. వారం దాటిన గుడ్డు పెట్టొద్దు. మన వైపు మార్చి తర్వాత అయితే నాలుగు రోజులు కూడా ఎక్కువే, ఎందుకంటే ఇంట్లో వేడికే గుడ్డులో పిండం కదలడం మొదలై, మళ్లీ రాత్రి చల్లబడి చచ్చిపోతుంది. అందుకే మా అవ్వ పొదగేయడానికి తీసిపెట్టిన గుడ్లని తడి ఇసుక పోసిన కుండ మీద మూకుట్లో పెట్టేది. ఆమెకి పిండం సంగతి తెలుసో లేదో కానీ, పద్ధతి సరైనది. గుడ్డుని కడగొద్దు. పెంకు మీద కంటికి కనపడని పొర ఒకటి ఉంటుంది, కడిగితే అది పోయి రోగం లోపలికి పోతుంది. మురికి గుడ్డయితే వండుకోండి, పొదిగించొద్దు.

ఒక పెట్ట కింద పది, పన్నెండు గుడ్లు. పాత గంపలో గానీ వెడల్పాటి మట్టి తొట్టిలో గానీ ఇసుక, దాని మీద ఎండుగడ్డి, కాస్త బూడిద. బూడిద, వేపాకు పేలు పడకుండా ఉండటానికి. పొదిగే కోడికి పేలు పడితే అది మధ్యలో లేచిపోతుంది, గుడ్లు చెడిపోతాయి. ఏడో రోజు రాత్రి చీకట్లో సెల్‌ఫోను లైటు మీద గుడ్డు పెట్టి చూడండి. ఎర్రటి సన్న నరాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. ఖాళీగా తెల్లగా కనిపిస్తే అది గొడ్డు గుడ్డు, తీసేయండి. రోజుకి ఒకసారి కోడి దిగి తిని, నీళ్లు తాగి, రెట్ట వేసి మళ్లీ ఎక్కుతుంది. దిగకపోతే మనమే దింపాలి. కొన్ని పెట్టలకి పొదుగుడు ధ్యాసలో తిండి కూడా గుర్తుండదు. సిల్కీకైతే ఆ పిచ్చి మరీ ఎక్కువంటారు. 21వ రోజుకి పిల్లలు.

ఆ తర్వాత మొదటి నెలే గండం. పిల్లల్ని తీసుకుపోయేది గద్ద, పిల్లి, ముంగిస అని అందరం అనుకుంటాం. నిజమే, కానీ గంప కింద వారం పది రోజులు మూసి పెంచితే వాటి నుంచి చాలావరకు తప్పించవచ్చు. నూకలు, రాగులు, తౌడు సరిపోతాయి గానీ పిల్లలకి మాంసకృత్తులు కావాలి. పాత కుండలో పేడ, గోనెపట్టా ముక్కలు, ఎండు ఆకులు నింపి కాస్త తడిపి, చెదలు ఉన్న చోట బోర్లించి పెడితే తెల్లారేసరికి చెదపురుగులు పడతాయి. దాన్ని దులిపితే పిల్లలు ఎగబడి తింటాయి. పైసా ఖర్చు లేని దాణా అది.

ఒక్కటి మాత్రం చెయ్యొద్దు. మన జిల్లాల్లో వేరుశెనగ ఎక్కువ. వానకి తడిసి బూజు పట్టిన కాయలు మనుషులు తినలేరు కదా అని కోళ్లకి వేస్తారు. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్లు కారణం తెలీకుండా చచ్చిపోయాయి. చివరికి తేలింది బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశెనగ చెక్కలో బూజు. ఆ విషాన్ని మొదట కనిపెట్టింది అలాగే. కోడి లివరు పాడైపోతుంది, వేసిన టీకా కూడా సరిగా పనిచెయ్యదు.

ఇంతకీ మందని తుడిచిపెట్టేది గద్దా కాదు, పిల్లీ కాదు. కొక్కెర తెగులు. పుస్తకాల్లో రాణిఖేత్ అంటారు, 1920ల చివర్లో హిమాలయాల దగ్గర రాణిఖేత్ ఊర్లో దీన్ని గుర్తించారు కాబట్టి. దాని తీరు మీ అందరికీ తెలుసు. పొద్దున కోడి రెక్కలు వేలాడేసి మూలన నిలబడుతుంది. నోరు తెరిచి గురగుర ఊపిరి. రెట్ట ఆకుపచ్చ నీళ్లు. కొన్నింటికి మెడ వెనక్కి మెలిపడుతుంది. టీకా లేని మందలో చొరబడితే పదింటిలో ఎనిమిదో తొమ్మిదో పోతాయి, వారంలో గూడు ఖాళీ. దీనికి మందు లేదు. వైరస్ కాబట్టి అంగట్లో ఇచ్చే యాంటీబయాటిక్ గోళీలు పనిచెయ్యవు. వెల్లుల్లి, పసుపు, మిరియాలు పట్టించినా పనిచెయ్యవు. బతికినవి వాటి అదృష్టంతో బతుకుతాయి.

ఇక్కడ మనం చేసే ఒక పని తెగులుని ఊరూరా మోస్తుంది. ఒక కోడి తూగగానే మిగిలినవాటిని గబగబా సంతకి తీసుకుపోయి వచ్చిన ధరకి అమ్మేస్తాం. తప్పని నేననలేను. ఇంటికి ఆసరాగా ఉన్న ఐదు వందలో వెయ్యో కళ్లముందే పోతుంటే ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ కోళ్లు కొన్నవాళ్లు ఇంకో వాడవాళ్లు. వాళ్ల మంద కూడా పోతుంది. మళ్లీ ఆరు నెలలకి మన పెట్ట కోసం పోయి అడిగేది వాళ్లనే.

దీనికి టీకా ఉంది, అదీ చవకే. పిల్లలకి ఏడో రోజున లాసోటా టీకా కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క. నెల దాటాక మళ్లీ ఒకసారి. రెండు నెలలు నిండాక ఆర్‌టుబి అనే టీకా రెక్క కింద చర్మంలోకి అర మిల్లీలీటరు, తర్వాత ఆరు నెలలకోసారి. రెండు నెలల లోపు పిల్లలకి ఈ రెండోది వెయ్యకూడదు, అదే జబ్బవుతుంది. వేసే ముందు వారం నట్టల మందు పట్టిస్తే టీకా బాగా పడుతుంది. అప్పటికే తూగుతున్న కోడికి వేసి లాభం లేదు.

ఇంత చవకైన టీకా మన వాడలకి ఎందుకు రాదు? కారణం సీసాలో ఉంది. ఆర్‌టుబి సీసా చాలాచోట్ల 100 డోసులది. పొడిని నీళ్లలో కలిపాక ఐసు మీద పెట్టుకుని గంటా రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాల్సిందే. ఏడు కోళ్లున్న మనిషి కోసం సీసా విప్పితే 93 డోసులు మట్టిపాలు. అందుకని ఆసుపత్రిలో "మీ ఊర్లో అందరూ వస్తే వేస్తాం" అంటారు. ఫారంలో వెయ్యి కోళ్లున్నవాడికి ఈ ఇబ్బంది లేదు. టీకాని తయారుచేసిందే పెద్ద మందని దృష్టిలో పెట్టుకుని. కుల వివక్ష అని ఎవరూ ఎక్కడా రాయక్కర్లేదు, సీసా సైజే ఆ పని చేసి పెడుతుంది.

కాబట్టి లెక్క తిప్పి వేసుకోవాలి. ఏడేసి కోళ్లున్న పద్నాలుగు ఇళ్లు కలిస్తే 98. సీసా దాదాపు అయిపోతుంది. గ్రామ సచివాలయంలో పశుసంవర్ధక సహాయకులు 2019 నుంచి ఉన్నారు. ఊరిలో రైతు సేవా కేంద్రం ఉంటే అక్కడే కూర్చుంటారు. వాళ్లని వాడకి పిలిచే రోజు ముందు రాత్రి కోళ్లు గూటికి చేరాక ఒక పిల్లోడు ఇంటింటికీ తిరిగి ఎన్నున్నాయో రాసుకుంటే సగం పని అయినట్టే. టీకా తెల్లవారుజామున, కోళ్లని వదలక ముందే వెయ్యాలి. పది గంటలకి జీపులో వస్తే పట్టుకోవడానికి కోడి ఉండదు. సర్కారు ఉద్యోగి తెల్లవారుజామున దళితవాడకి రావడం అంత సులువు కాదని నాకూ తెలుసు. కానీ వాడలో డిగ్రీ చదువుకుని ఖాళీగా ఉన్న అమ్మాయికి నాలుగు రోజులు నేర్పిస్తే, చుక్కల టీకా అయితే ఆమే వేయగలదు. ఐసు పెట్టెకీ, ఆమె కూలికీ డబ్బెక్కడిదంటారా? ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం 2013లో వచ్చింది, 2023లో మరో పదేళ్లు పొడిగించారు. ఆ నిధులు రోడ్లకీ పింఛన్లకీ లెక్క చూపిస్తున్నారని మన సంఘాలు ఏటా మొత్తుకుంటున్నాయి. వాడకి ఏడాదికి రెండుసార్లు కోళ్ల టీకా అనేది ఆ లెక్కలో అడగదగ్గ చిన్న, సూటి డిమాండు.

ఇక జాగా సంగతి. ప్రభుత్వ కాగితాల్లో దీన్ని పెరటికోళ్ల పెంపకం అంటారు. పెరడు ఎవరికుంది? 2020 చివర్లో మొదలైన ఇళ్ల పట్టాల్లో పల్లెల్లో ఇచ్చింది సెంటున్నర. అంటే 72 గజాల పైచిలుకు. ఇల్లు, బాత్రూము పోగా మిగిలేది రెండు మంచాలు పట్టే చోటు. కోడి పొద్దంతా తిరిగి గీరుకుని తింటేనే దానికి దాణా ఖర్చు ఉండదు. తిరగాలంటే వీధి, వీధి దాటితే ఎవరిదో చేను. చేలో గింజలు తిన్నాయని రాయి విసిరిన గొడవలు, విషం కలిపిన గింజలు చల్లిన గొడవలు మీ ఊర్లో కూడా ఉండే ఉంటాయి. మా అమ్మ చిన్నప్పుడు ఒక్క కోడి కోసం ఊరి పంచాయితీలో నిలబెట్టిన సంగతి ఇప్పటికీ చెబుతుంది. కోడి ధర కంటే తప్పు ఎక్కువ కట్టారు.

పథకాలు ఎటుపోతున్నాయో కూడా చూడాలి. జాతీయ పశుసంపద మిషన్‌ని 2021లో మార్చినప్పుడు పల్లె కోళ్లకి పెట్టిన ప్రధాన సాయం ఇది: కనీసం 1000 తల్లికోళ్లతో ఫారం, హేచరీ, పిల్లల్ని పెంచే షెడ్డు పెట్టేవాళ్లకి పెట్టుబడిలో సగం, గరిష్ఠంగా 25 లక్షల సబ్సిడీ. మిగతా సగం సొంతంగా గానీ బ్యాంకు లోనుతో గానీ తెచ్చుకోవాలి, భూమి చూపించాలి. మనవాళ్లలో అది చేయగలిగినవాళ్లు చేయాలి, చేస్తే సంతోషం. కానీ 2019 పశుగణనలో దేశంలో 85 కోట్ల కోళ్లుంటే అందులో 31 కోట్లకి పైగా పెరటికోళ్లే. 2012తో పోలిస్తే అవి 45 శాతానికి పైగా పెరిగాయి. ఫారం కోళ్లు పెరిగింది నాలుగున్నర శాతమే. ఆ 31 కోట్లని పెంచింది ఏడూ ఎనిమిదీ పెట్టలున్న ఆడవాళ్లు.

బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు వీళ్ల సంగతి తేలుతుంది. 2024 ఫిబ్రవరిలో మన పక్కనే నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బలో వచ్చింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వేల్పూరు, కానూరు అగ్రహారంలో వచ్చింది. నిబంధన ప్రకారం రోగం తేలిన చోటి నుంచి కిలోమీటరు లోపల ఇళ్లలో కోళ్లని కూడా చంపేస్తారు, నష్టపరిహారం ఇస్తారు. ఫారంవాడి దగ్గర రిజిస్టరు ఉంటుంది. మన దగ్గర గంప ఉంటుంది. ఆ రోజు బృందం వస్తే చంపకముందే పెద్దవెన్ని, పిల్లలెన్ని అని కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి, ఫోనులో ఫోటో తీసుకోండి. టీకా రోజున రాసుకున్న లెక్క చేతిలో ఉంటే అది ఇక్కడా పనికొస్తుంది. చచ్చిన కోడిని వండుకోవడం, చేత్తో శుభ్రం చేయడం మాత్రం వద్దు. ఆ జబ్బు మనుషులకీ రాగలదు.

మళ్లీ సిల్కీ దగ్గరికి. అక్క కొడుకు ఇంకా ఆశ వదల్లేదు. వాడికి నేను చెప్పింది ఇదే. దాని బూరు నీళ్లని ఆపదు. మామూలు కోడి ఈక మీద వాన జారిపోతుంది, దీనిది గుడ్డలాగా తడిసి ఒంటికి అతుక్కుంటుంది. మనకి అసలు వానలు నవంబరులో. 2021 నవంబరులో తిరుపతి వీధులు వాగులై పారినప్పుడు నాటుకోళ్లే చెట్టెక్కి బతికాయి. సిల్కీ ఎగరలేదు, చెట్టెక్కలేదు. జుట్టు కళ్ల మీద పడి గద్ద వస్తే చూడలేదు. మారెక్స్ అనే జబ్బు దానికి తొందరగా అంటుకుంటుంది. ఆ టీకా పిల్ల లేచిన రోజే వెయ్యాలి, అంటే హేచరీలోనే. నాటు పుంజులతో కలిపి వదిలితే జుట్టు పీకి పొడుస్తాయి. ఇష్టంతో పెంచుకునేవాళ్లు పెంచుకోవచ్చు. కప్పున్న పొడి గూడు, నేలకి జానెడెత్తులోనే వాసం, కళ్ల ముందు జుట్టు కత్తిరించడం, పేలు చూసుకోవడం, వేరుగా ఉంచడం. ఇవన్నీ చేయగల ఇల్లు అయితే అందమైన కోడే. బతుకుతెరువుకి కాదు.

పెంచి ఇస్తే మేమే కొంటాం అని ఎవరైనా చెబితే మరీ జాగ్రత్త. 2019లో మహారాష్ట్రలో సాంగ్లీ వైపు కడక్‌నాథ్ కోళ్లని అలాగే అంటగట్టారు. పిల్లల్ని ఎక్కువ ధరకి అమ్మి, పెరిగాక గుడ్లు, కోళ్లు తామే కొంటామన్నారు. కొన్నాళ్లు కొన్నారు, తర్వాత ఆపేశారు. వేలమంది రైతులు పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగారు. అక్కడ కోడిలో తప్పేమీ లేదు. అమ్మేవాడి దగ్గర తప్ప కొనేవాడు లేని కోడిని కొనడమే తప్పు.

వాడు ఊరికి తిరిగిపోయే రోజు అమ్మ వాడి చేత గంప ఎత్తించింది. కింద బూడిద రంగు పెట్ట, పదకొండు గుడ్లు. వాడు చెయ్యి పెట్టబోతే ఠక్కున పొడిచింది. "ఇంకా తొమ్మిది దినాలుండాది. పిల్లలు లేచినాక టీకాకి నువ్వే రావల్ల, సీసాకి ఇండ్లు నువ్వే జమ చెయ్యల్ల" అంది. వాడు ఫోను తీసి తారీకు పెట్టుకున్నాడు.